ఆరు నుంచి ఎనిమిది తరగతుల ఇంగ్లిష్ పీరియడ్: పిల్లలు నోరు విప్పేలా ప్లాన్ చేసుకోవడం ఎలా?

జిల్లా పరిషత్ హైస్కూళ్లలో, గురుకులాల్లో, చిన్న ఊళ్ల ప్రైవేటు బడుల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ చెప్పే టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. చిన్న తరగతుల్లో రైమ్స్ పాడమంటే గొంతెత్తి పాడిన పిల్లలే ఇక్కడికి వచ్చేసరికి బెదురుతారు. తప్పు మాట్లాడితే పక్క బెంచీవాళ్లు నవ్వుతారన్న భయం ఈ వయసులోనే మొదలవుతుంది. తొమ్మిది, పది తరగతులకు వెళ్తే ఇక పరీక్షల హడావిడే. పిల్లల చేత మాట్లాడించాలంటే ఈ మూడేళ్లే అదను.

ఆసక్తిగా చెప్పడమంటే ఆటలాడించడం, రంగు చార్టులు అతికించడం, వీడియో వేయడం అని చాలామంది అనుకుంటారు. అవన్నీ మంచివే. కానీ ఎదుటివాళ్లను ఏదో ఒకటి అడిగి తెలుసుకుంటే తప్ప పని జరగదు అన్న పరిస్థితి పిల్లలకు రానంతవరకు ఆట ఆటగానే అయిపోతుంది. లెసన్ ప్లాన్‌లో మనం చేయాల్సింది ఆ అవసరాన్ని పుట్టించడం. కింద చెప్పే పనులన్నీ దాని కోసమే.

ముందు క్లాసు ఎక్కడుందో చూసుకోండి

ఏడో తరగతి పుస్తకం చేతిలో ఉన్నంత మాత్రాన పిల్లలంతా ఏడో తరగతి ఇంగ్లిష్‌లో ఉన్నట్టు కాదు. ఒకే బెంచీలో పేరా గబగబా చదివేసే అమ్మాయి, అక్షరాలు కూడబలుక్కునే అబ్బాయి పక్కపక్కనే ఉంటారు. బడి తెరిచిన మొదటి రెండు వారాల్లో ఒక్కొక్కరినీ టేబుల్ దగ్గరికి పిలిచి, కింది తరగతి పుస్తకం నుంచి నాలుగైదు లైన్లు చదివించండి. తర్వాత ఒక చిన్న ప్రశ్న అడగండి, అది వాళ్ల ఇంటి గురించే అయితే మంచిది. మార్కులు వేయకండి. హాజరు పట్టీలో పేరు పక్కన పెన్సిల్‌తో మూడు గుర్తుల్లో ఒకటి పెట్టుకుంటే చాలు: చదివి అర్థం చేసుకుంటారు, చదువుతారు కానీ అర్థం కాదు, చదవలేరు.

ఈ గుర్తులు పిల్లలకు కనపడకూడదు. తెలివైనవాళ్ల వరస, వెనకబడ్డవాళ్ల వరస అని విడదీసి కూర్చోబెట్టడం నాకు అస్సలు నచ్చదు. అలా విడదీసిన రోజే వెనక వరస పిల్లలు ఇంగ్లిష్ తమది కాదని తేల్చేసుకుంటారు. జతలు కట్టేటప్పుడు మాత్రం ఈ గుర్తులు బాగా పనికొస్తాయి.

పీరియడ్ చివర పిల్లలు ఏం చెప్పగలగాలి? అది రాసుకోండి

ప్లాన్ నోట్సులో సాధారణంగా "సింపుల్ ప్రెజెంట్ టెన్స్" అనో, "యూనిట్ 3, రెండో భాగం" అనో రాస్తాం. దాన్ని బట్టి పిల్లలు ఏం చేయాలో తెలియదు. దాని బదులు ఒక్క వాక్యం రాసుకోండి: "ఈ రోజు పీరియడ్ అయ్యేసరికి బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందో పిల్లలు ఇంగ్లిష్‌లో అడగగలగాలి, అడిగితే చెప్పగలగాలి." సింపుల్ ప్రెజెంట్ అందులోనే ఉంది, కాకపోతే దానికో పని దొరికింది.

పాఠ్యపుస్తకాన్ని పక్కన పెట్టమని కాదు. యూనిట్‌లో ఏ వ్యాకరణం, ఏ పదాలు ఉన్నాయో చూసి, అవి బయట ఎక్కడ అవసరపడతాయో వెతకండి. బస్టాండు, రేషన్ షాపు, పీహెచ్‌సీ, పెళ్లి పిలుపు, క్రికెట్ స్కోరు, మధ్యాహ్న భోజనం మెనూ, ఫోన్ రీఛార్జి. పల్లెటూరి పిల్లలకు తెలిసిన ప్రపంచం చిన్నదేమీ కాదు. వాళ్లకు తెలిసిన విషయాన్ని తెలియని భాషలో అడిగితే ప్రయత్నిస్తారు. విషయమూ కొత్తదై భాషా కొత్తదైతే దించిన తల ఎత్తరు.

తెలుగు ఎటు లాగుతుందో ముందే ఊహించండి

మన పిల్లల తప్పులు ఎలా పడితే అలా వచ్చేవి కావు. చాలా తప్పులకు మూలం తెలుగు వాక్యంలోనే దొరుకుతుంది. అది తెలిసిన టీచర్ ఏ తప్పు రాబోతోందో ముందే పసిగట్టి పాఠాన్ని దాని చుట్టూ కట్టుకోవచ్చు.

"మా నాన్న రైతు" అన్నది తెలుగులో పూర్తి వాక్యం, క్రియ అక్కర్లేదు. అందుకే "మై ఫాదర్ ఫార్మర్" అని ఆగిపోతారు. ప్రశ్న వేసినా తెలుగులో మాటల వరస మారదు: "నువ్వు రేపు వస్తావు", "నువ్వు రేపు వస్తావా?" గొంతు, చివరి దీర్ఘం సరిపోతాయి. ఆ అలవాటే "వై యు ఆర్ క్రయింగ్?" అనిపిస్తుంది. "నాకు ఇద్దరు అక్కలున్నారు" అన్నది "టు మీ టూ సిస్టర్స్ ఆర్ దేర్" అవుతుంది. "ఎ", "యాన్", "ద" లాంటివి మనకు లేనే లేవు కాబట్టి ఎగిరిపోతాయి. నాన్నగారిని గౌరవంగా "వారు" అనే ఇంట్లో పెరిగిన పిల్లలు "మై ఫాదర్, దే వెంట్" అంటారు. అందులో మర్యాద ఉంది. దాన్ని మెచ్చుకుని, ఇంగ్లిష్‌లో ఒక్క మనిషికి "హి" అంటే తక్కువ చేసినట్టు కాదని చెప్పండి.

"హి గో టు స్కూల్" అన్న తప్పుకు కూడా తెలుగుతోనే దారి చూపించవచ్చు. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు అని బోర్డు మీద రాయండి. తెలుగులో మనిషి మారితే క్రియ మారుతుంది. ఇంగ్లిష్‌లో అన్నిటికీ "గో" అంటే సరిపోతుంది, ఒక్క "హి, షి, ఇట్" దగ్గర మాత్రం "గోస్". ఇన్ని రూపాలు తడుముకోకుండా మాట్లాడే మీకు ఈ ఒక్కటి కష్టమా అని అడిగి చూడండి. పిల్లలకు ధైర్యం వస్తుంది.

ఉచ్చారణలోనూ అంతే. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్ "బస్సు" అవుతుంది, బుక్ "బుక్కు" అవుతుంది. కొందరికి స్కూల్ ముందు "ఇ" చేరుతుంది. వీటిని రోజూ పట్టుకుని సాధించక్కర్లేదు. వారానికి ఒకటి తీసుకుని రెండు నిమిషాలు పలికించండి, చాలు.

ఒక పాఠానికి ఒక్క తప్పును మాత్రమే గురిపెట్టండి. ప్లాన్‌లో దాని పేరు రాసుకోండి.

అవసరం పుట్టించే పని ఒకటి తయారు చేయండి

1979 నుంచి 1984 వరకు ఇంగ్లిష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు నాయకత్వంలో దక్షిణ భారతంలోని కొన్ని బడుల్లో ఒక ప్రయోగం జరిగింది. బెంగళూరు ప్రాజెక్టు అంటారు. వ్యాకరణ సూత్రాలు ముందుగా చెప్పకుండా, రైలు టైమ్‌టేబుళ్లు, మ్యాపుల లాంటివి ఇచ్చి పిల్లల చేత లెక్క తేల్పించేవారు. మనసు అర్థం మీద ఉన్నప్పుడే భాష లోపలికి దిగుతుందన్నది ఆయన నమ్మకం. ఈ రోజు ప్రపంచమంతా టాస్క్ ఆధారిత బోధన అని చెప్పుకునే దానికి మన పక్క రాష్ట్రాల మామూలు బడులు ఒక పెద్ద పునాది అన్నది మనం గర్వంగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

పిల్లలకు ఇచ్చే ఇలాంటి పనులు (టాస్కులు) మూడు రకాలని ఆయన చెప్పారు. ఒకరి దగ్గర ఉన్న సమాచారం ఇంకొకరి దగ్గర లేకపోవడం మొదటిది. ఉన్న సమాచారం నుంచి కొత్త విషయం తేల్చడం రెండోది. మీకేమనిపిస్తోందో చెప్పమనడం మూడోది. ఆరు, ఏడు తరగతులకు మొదటి రెండూ బాగా పనిచేస్తాయి. అభిప్రాయం చెప్పమంటే ఈ వయసు పిల్లలు తెలుగులోనే తడబడతారు, దాన్ని ఎనిమిదికి ఉంచుకోండి.

ఒక మాట చెప్పాలి. పిల్లలను గుంపులుగా, జతలుగా మాట్లాడించడం ప్రభుకు అంత ఇష్టం లేదు. ఒకరి తప్పులు ఒకరు వింటారన్నది ఆయన భయం. అది నిజమే. కానీ యాభై మంది ఉన్న క్లాసులో టీచర్‌తో మాత్రమే మాట్లాడాలంటే ఒక్కొక్కరి వంతుకు నిమిషం కూడా రాదు. కాబట్టి ముందు టీచర్‌తో అందరూ, తర్వాత జతలు, ఆ తర్వాత ఎవరికి వారు అన్న వరస మనకు సరిపోతుందని నా అభిప్రాయం.

45 నిమిషాలు ఇలా పంచుకోండి: ఏడో తరగతి, బస్టాండు పాఠం

ఊరు గుంటూరు అనుకుందాం. మీరు మీ ఊరి బస్టాండు పెట్టుకోండి. వేళలు మీరే వేసుకోవచ్చు, నిజమైనవే కానక్కర్లేదు.

మొదటి ఐదు నిమిషాలు గడియారం. పాత గోడ గడియారం ఉంటే తీసుకెళ్లండి, ముళ్లు తిప్పుతూ టైమ్ అడగండి. ఇది పిల్లలకు తెలిసిందే. తెలిసిన దానితో మొదలుపెడితే వెనక బెంచీవాళ్లూ గొంతు కలుపుతారు.

తర్వాత పది నిమిషాలు అందరితో కలిసి. బోర్డు మీద నాలుగు బస్సుల పట్టిక వేయండి: విజయవాడ, తెనాలి, నరసరావుపేట, ఒంగోలు. "వాట్ టైమ్ డజ్ ద బస్ టు తెనాలి లీవ్?" అని మీరు అడగండి. జవాబు "ఎయిట్ ఫార్టీ" అని వస్తే చాలు, ఒప్పుకోండి. "యెస్, ఇట్ లీవ్స్ ఎట్ ఎయిట్ ఫార్టీ" అని మీరు పూర్తి చేయండి. రెండు మూడు బస్సుల తర్వాత పట్టికలో ఒక వేళ చెరిపేసి, దాన్ని మీ చేతిలోని కాగితంలో దాచండి. ఇప్పుడు పిల్లలే మిమ్మల్ని అడగాలి. ఎవరో ఒకరు "వాట్ టైమ్ ద బస్..." అని మొదలుపెడతారు. అప్పుడు ప్రశ్నను, జవాబును బోర్డు మూలన రాసి, "డజ్" కింద, "లీవ్స్" చివరి అక్షరం కింద గీత గీయండి. వ్యాకరణం ఇంతే. కావాల్సిన సమయంలో వచ్చింది కాబట్టి అంటుకుంటుంది.

తర్వాత పన్నెండు నిమిషాలు జతలుగా. జతకు రెండు చీటీలు జిరాక్స్ తీయించడం ప్రతి పీరియడ్‌కూ కుదరదు. దానికో తేలిక మార్గం ఉంది. రెండు చార్టులు రాయండి. రెండిట్లోనూ అవే ఎనిమిది బస్సులు. మొదటి దానిలో నాలుగింటికే వేళలు ఉంటాయి, రెండో దానిలో మిగతా నాలుగింటికి. ఒకటి ముందు గోడకు, ఇంకొకటి వెనక గోడకు అతికించండి. జతలో ఒకరు ముందుకు తిరిగి, రెండోవారు వెనక్కి తిరిగి పక్కపక్కనే కూర్చుంటారు. తల తిప్పకూడదు, అదొక్కటే షరతు. నోట్సులో ఎనిమిది వేళలూ నిండాలంటే అడగక తప్పదు. గోల అవుతుంది. ఇరవై అయిదు జతలు ఒకేసారి మాట్లాడితే గోల కాక ఏమవుతుంది? ముందే పక్క క్లాసు టీచర్‌కి, హెచ్‌ఎమ్‌కి ఒక మాట చెప్పి పెట్టుకోండి. చేయి ఎత్తితే అందరూ ఆగాలన్న గుర్తును జూన్‌లోనే అలవాటు చేయండి.

ఆ సమయంలో మీరు టేబుల్ దగ్గర ఉండకూడదు. బెంచీల మధ్య తిరగండి, వినండి, దిద్దకండి. వినిపించిన తప్పులు రెండు మూడు చీటీ మీద రాసుకోండి.

తర్వాత ఎనిమిది నిమిషాలు ఒక చిక్కుముడి. బోర్డు మీద రాయండి: లక్ష్మి వాళ్ల అక్క పెళ్లి తెనాలిలో, ముహూర్తం 10:30కి. బస్సులు 8:40కి, 9:20కి, 10:05కి. ప్రయాణం గంట. బస్టాండు నుంచి మండపానికి నడక 20 నిమిషాలు. లక్ష్మి ఏ బస్సు ఎక్కాలి? చాలామంది గబుక్కున 9:20 అంటారు, ఎందుకంటే 10:20కల్లా తెనాలిలో ఉంటుంది. నడక లెక్కపెట్టినవాళ్లు మాత్రం "నో, టెన్ ఫార్టీ!" అని అరుస్తారు. అక్కడ వాదన మొదలవుతుంది. "నో, సార్, షి ఈజ్ లేట్" అని ఒక అబ్బాయి లేచి అన్నాడంటే, వాడికి తెలియకుండానే ఇంగ్లిష్‌లో వాదిస్తున్నాడు. కాసేపు సాగనివ్వండి. అప్పుడు "బికాజ్" అన్న మాటను బోర్డు మీద రాసి, దానితో చెప్పమనండి.

తర్వాత ఏడు నిమిషాలు రాత. మూడు వాక్యాలు చాలు, ఎవరికి వారే. చదవలేని పిల్లలకు బోర్డు మీది వాక్యంలో ఊరు పేరు, వేళ మార్చి రాయడమే పని. చురుకైనవాళ్లకు లక్ష్మి అమ్మకు పంపే మెసేజ్ రాయమనండి. చివరి మూడు నిమిషాల్లో మీరు చీటీ మీద రాసుకున్న తప్పులను, ఎవరివో చెప్పకుండా బోర్డు మీద పెట్టి, అందరి చేతా దిద్దించండి.

ప్రశ్న అడిగాక ఆగండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఫలితం పెద్దది. 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు సైన్సు క్లాసులు గమనించి, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకనే ఆగుతున్నారని తేల్చారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, ఎక్కువ మంది పిల్లలు మాట్లాడారు. అక్కడి పిల్లలు చాలావరకు సొంత భాషలోనే చదువుతున్నారు. మన పిల్లలు ప్రశ్నను తెలుగులోకి మార్చుకోవాలి, జవాబు ఆలోచించాలి, మళ్లీ ఇంగ్లిష్‌లోకి తేవాలి. కనీసం ఐదు సెకన్లు ఇవ్వండి. పేరు పిలిచి ప్రశ్న అడగకండి, ప్రశ్న అడిగి, ఆగి, అప్పుడు పేరు పిలవండి. పేరు ముందే వినపడితే మిగతా నలభై తొమ్మిది మంది హాయిగా ఊపిరి పీల్చుకుని వేరే ఆలోచనలో పడతారు.

గద్య పాఠం వచ్చినప్పుడు

నాలుగు పేజీల పాఠాన్ని లైను చదవడం, తెలుగు చెప్పడం, మళ్లీ లైను చదవడం అన్న పద్ధతిలో ఎవరు చెప్పినా మూడో పేజీకల్లా క్లాసు నిద్రపోతుంది. పిల్లలు తెలుగు ఒక్కటే వింటారు, ఇంగ్లిష్ లైను వచ్చినప్పుడు చెవులు మూసుకుంటారు.

ముందు రెండు నిమిషాల్లో కథ సారాంశం తెలుగులో చెప్పేయండి, కానీ ముగింపు చెప్పకండి. ముఖ్యమైన ఆరేడు పదాలు బోర్డు మీద పెట్టండి. బొమ్మ వేసి కానీ, నటించి కానీ, తెలుగు మాట చెప్పి కానీ అర్థం తెలిసేలా చేయండి, ఏది తొందరగా అయితే అది. తర్వాత ఒక్క ప్రశ్న ఇచ్చి, ఒక్క పేరా మౌనంగా చదవమనండి. జవాబు దొరికినవాళ్లు ఆ లైను కింద పెన్సిల్‌తో గీత గీసుకుంటారు. వేలు పెట్టి చూపిస్తే చాలు, మాటల్లో చెప్పకపోయినా పర్వాలేదు. బయటికి చదివించడం దీని తర్వాతే. అర్థం తెలియకుండా బయటికి చదివించడం వల్ల భయం తప్ప ఏమీ రాదు.

ఇంగ్లిష్ పదాల మీద తెలుగు అక్షరాలు రాసుకునే అలవాటు చాలా చోట్ల ఉంది. ఒకటి రెండు మొండి మాటలకు ఒప్పుకోండి. పేజీ మొత్తం రాసుకుంటే కన్ను తెలుగు లైను మీదే నడుస్తుంది, ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఎప్పటికీ ఎక్కదు.

తెలుగు ఎంత వాడాలి?

క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బడులున్నాయి. అది తప్పు. తల్లిభాష మాట్లాడినందుకు శిక్ష పడిన పిల్లలు రెండు భాషల్లోనూ మూగబోతారు. పని ఎలా చేయాలో చెప్పడానికి, కష్టమైన మాట అర్థానికి, బెదిరిన పిల్లలకు ధైర్యం చెప్పడానికి తెలుగు వాడండి. బోర్డు పట్టిక చూసి అడగడం, జవాబు చెప్పడం మాత్రం ఇంగ్లిష్‌లోనే జరగాలి. రోజూ వచ్చే మాటలు, అంటే పుస్తకం తెరవండి, జతలుగా కూర్చోండి, ఇంకోసారి చెప్పు లాంటివి ఎప్పుడూ ఒకే ఇంగ్లిష్ వాక్యంలో చెప్పండి. కొద్ది వారాల్లో వాటికి తెలుగు అవసరం ఉండదు.

ఇంగ్లిష్ మీడియం వచ్చాక రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో సైన్సు, సోషల్ పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగుగా వచ్చాయి. ఇంగ్లిష్ టీచర్లకు ఇది మంచి సాధనం. వచ్చే వారం సైన్సులో ఏ పాఠం వస్తుందో ఆ టీచర్‌ని అడగండి. అందులోంచి ఒక పేరా తీసి, ఇంగ్లిష్ వైపు చదివి ఊహించమనండి, తర్వాత తెలుగు వైపు చూసి సరిచూసుకోమనండి. ఇంగ్లిష్ అర్థమైతే సైన్సు కూడా తేలికవుతుందని పిల్లలకు స్వయంగా తెలుస్తుంది.

దిద్దడం, పదాలు, పరీక్షలు

మాట్లాడేటప్పుడు ఆపి దిద్దకండి. సరైన రూపాన్ని మీ జవాబులో కలిపి చెప్పండి. రాతలో ఆ రోజు గురిపెట్టిన తప్పును మాత్రం దిద్దండి. నోట్సు నిండా ఎర్ర ఇంకు చూస్తే ఎవరూ రెండోసారి తిరగేయరు.

ఒక్క రోజు నేర్పిన పదం నిలవదు. మర్నాడు, ఆ తర్వాత వారానికి, నెలకు ఒకసారి మళ్లీ కనపడాలి. ఒక అట్టపెట్టెలో పదాల చీటీలు వేసి, పీరియడ్ మొదట్లో నాలుగు తీయించండి. తీసినవాళ్లు ఆ పదంతో సొంత వాక్యం చెప్పాలి.

ఎఫ్‌ఏ (ఫార్మేటివ్), ఎస్‌ఏ (సమ్మేటివ్) పరీక్షలు దగ్గరపడితే టెన్షన్ సహజం. ఇంపార్టెంట్ క్వశ్చన్లు ఇచ్చి గైడులోంచి బట్టీ పట్టించాలన్న ఒత్తిడి తల్లిదండ్రుల నుంచీ వస్తుంది. కానీ తెలియని పేరా ఇచ్చి ప్రశ్నలు అడిగినప్పుడు, ఉత్తరం సొంతంగా రాయమన్నప్పుడు బట్టీ నిలబడదు. ఆ ప్రశ్నలకు బస్టాండు పాఠం లాంటివే అసలైన తయారీ. పరీక్షకు ముందు వారం మాత్రం ప్రశ్నపత్రం తీరు చూపించి, రాయించి, అలవాటు చేయండి.

పీరియడ్ అయ్యాక రెండు లైన్లు

స్టాఫ్ రూమ్‌కి వెళ్లేలోపే ప్లాన్ కింద రెండు విషయాలు రాసుకోండి: ఏ దశలో క్లాసు చల్లబడింది, ఎవరు ఈ రోజు ఒక్క మాటా మాట్లాడలేదు. మొదటిది వచ్చే ఏడాది ఇదే పాఠానికి పనికొస్తుంది. రెండోది రేపటికే. ఆ పేర్లలో ఒకటి రెండు ఎంచుకుని, రేపటి పీరియడ్‌లో గడియారం ముళ్లు తిప్పే పనో, చీటీలు తీసే పనో, వెనక గోడ చార్టు అతికించే పనో వాళ్లకే ఇవ్వండి. ఆ పనికి కావాల్సిన ఒక్క ఇంగ్లిష్ వాక్యం ముందే చెవిలో వేసి పంపండి.